కుచేలుని అటుకులు



శ్రీమద్భాగవతంలోని కుచేలోపాఖ్యానాన్ని మనము ఎన్నోమార్లు విన్నాము. విన్న ప్రతిసారీ మన దృష్టి ఆ బీద బ్రాహ్మణునికి లభించిన సంపదమీదనే నిలుస్తుంది. అంతకుముందు జరిగినదానిని త్వరగా దాటిపోతాము. చినిగిన కొంగున ముడివేసి తెచ్చిన అటుకులను కుచేలుడు సిగ్గుతో దాచుకొనగా, పరమాత్మ తానే అడిగి, ముడివిప్పి, పిడికెడు ఆరగించాడు. ఇచ్చుటకు ముందు పుచ్చుకొన్నాడు. లేనివానివద్ద కూడ ఈయదగినది ఒకటి ఉంటుందని ఆ స్వామికి తెలుసు.

మనకు తెలిసినదా? గడచిన శీతకాలంలో ఆలయం వెనుకనున్న బస్తీలో దుప్పట్లు పంచాము. (ఫోటోలు కూడ తీసుకొన్నాము.) ఒక వృద్ధురాలు దుప్పటి అందుకొని, "మంచిదే నాయనా! వానొస్తే మోరీ నీళ్లు ఇంట్లకే వస్తయి. దీన్ని యాడ పరుచుకోవాలె?" అన్నది. మనవద్ద సమాధానం లేకపోయింది. వారికేది అవసరమో వారిని అడుగకనే మనము నిర్ణయించాము. ఆదరము లేక ఇచ్చిన దానాన్ని గీతాచార్యుడు పదునేడవ అధ్యాయంలో తామసమన్నాడు. అడుగకపోవడం అనాదరమే కదా!

అడిగి చేసే పద్ధతి మన భాగ్యనగరానికి క్రొత్తది కాదు. 1967లో ఇక్కడ పట్టణ సమాజాభివృద్ధి పథకం ఆరంభమైంది. కార్యకర్తలు బస్తీలకు వెళ్లి, ముందు అక్కడివారితో మాట్లాడి, బస్తీ సంఘాలను, మహిళా మండలులను కూర్చారు. బాలవాడీలు, కుట్టు శిక్షణ అట్లా వచ్చాయి. తరువాతి కాలంలో స్థలానికి పట్టా, బ్యాంకు ఋణం లభించిన గుడిసెవాసులు, తమ శ్రమనుకూడ జతచేసి, ఇండ్లు కట్టుకొన్నారు. 1988లో విశాఖపట్టణంలోనూ బ్రిటిష్ ప్రభుత్వ సహాయంతో మురికివాడల అభివృద్ధి పథకం మొదలైంది. 1993లో అమలులోనికి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ, మూడు లక్షలు, అంతకుమించి జనాభా గల నగరాలలో వార్డు కమిటీలు ఉండాలన్నది.

అయితే బస్తీ అనగా ఒక్క గొంతు కాదు. సంఘం పేరిట బలవంతుడొకడే మాట్లాడి, అద్దెకున్నవారు, ఒంటరి స్త్రీలు మూలన కూర్చుంటే, మనము అడిగినట్లే కాదు.

కాబట్టి వచ్చే ఆదివారం బస్తీలోని మైసమ్మ గుడి అరుగుమీద వారితో కూర్చుండాలని ట్రస్టు నిశ్చయించింది. ఇండ్లలో పనిచేసి వచ్చే స్త్రీల కోసం సమయాన్ని సాయంత్రం ఏడు గంటలకు పెట్టాము. పలుగు, పార తాము పడతామని యువకులు అప్పుడే కబురు పంపారు. పైపుల ఖర్చు మనము భరిద్దాము. మోరీని ఎటు మళ్లించాలో మొదట ఆ వృద్ధురాలినే చెప్పమందాము.