మాయమైన ఓడ, మునిగిపోయిన ఓడ



ఏం మాట్లాడాలా అని వారం రోజులుగా ఆలోచిస్తుంటే మా వీధి అబ్బాయే దారి చూపించాడు. ఇవాళ పట్టా తీసుకునేవాళ్ళలో తనూ ఉన్నాడు. స్కోఫీల్డ్స్ స్టేషన్లో కనిపించి, “ఆంటీ, మీరు కెమిస్ట్రీ చెప్పారు కదా. 1943లో అమెరికావాళ్ళు ఓ యుద్ధనౌకను మాయం చేశారట, గవర్నమెంటు దాచేసిందట, నిజమేనా?” అన్నాడు. ఇంతలో రైలొచ్చేసింది. ఆ జవాబు ఇవాళ చెప్తాను నాన్నా.

ఆ ఓడ పేరు ఎల్‌డ్రిడ్జ్. 1943 అక్టోబరులో ఫిలడెల్ఫియా రేవులో దాని చుట్టూ పచ్చని పొగమంచు కమ్మిందనీ, ఓడ కంటికి కనపడకుండా పోయిందనీ, తిరిగి వచ్చేసరికి కొందరు నావికులు ఇనుప గోడల్లో ఇరుక్కుపోయారనీ కథ. ఈ కథకు మూలం కార్ల్ అలెన్ అనే ఆయన రాసిన ఉత్తరాలు. మోరిస్ జెస్సప్ అనే రచయితకు 1950ల నడిమధ్యలో రాశాడు. ఓడ లాగ్‌బుక్ చూస్తే ఆ అక్టోబరు చివర్లో అది న్యూయార్క్‌లో ఉంది. మరి ఇంత కథ ఎలా పుట్టింది? ఆ రోజుల్లో సముద్రంలో అయస్కాంత మైన్లు ఉండేవి. ఓడ ఇనుమును పసిగట్టి పేలేవి. అందుకని ఓడ చుట్టూ కేబుళ్ళు చుట్టి, కరెంటు పంపి, దాని అయస్కాంత క్షేత్రాన్ని చల్లార్చేవారు. మైనుకు ఓడ ‘కనపడదు’. అదీ అసలు సంగతి. మైనుకు కనపడకపోవడం ఎప్పుడో మనిషికి కనపడకపోవడంగా మారిపోయింది.

ఆ అబ్బాయి అడగడంలో తప్పేమీ లేదు. యుద్ధంలో ప్రభుత్వం నోరు మూసుకున్నచోట ఊరు నోరు తెరుస్తుంది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. మా అమ్మమ్మ చంకలో పిల్లను, నెత్తిన మూటను పెట్టుకుని అనకాపల్లి దారి పట్టింది. జపానువాళ్ళు ఒడ్డున దిగిపోయారని దారిపొడుగునా చెప్పుకున్నారట. ఎవరూ దిగలేదు. దిగలేదని చెప్పే నమ్మకమైన గొంతు ఆ దారిలో ఒక్కటి కూడా లేకపోయింది.

నాకు బాధ కలిగించేది వేరే ఉంది. మాయమైన ఓడ గురించి లోకమంతా మాట్లాడుకుంటుంది, సినిమాలు కూడా తీస్తుంది. దానికి రెండు నెలలు కూడా నిండకముందే ఇంకో అమెరికా ఓడ నిజంగా ఒక రహస్యాన్ని మోసుకెళ్ళి, ఆ రహస్యంతోనే మనుషుల్ని చంపింది. దాని పేరు మీలో ఎంతమంది విన్నారు?

జాన్ హార్వీ. 1943 డిసెంబరు 2 రాత్రి ఇటలీలోని బారీ రేవులో లంగరేసి ఉంది. దాని కడుపులో 2,000 మస్టర్డ్ గ్యాస్ బాంబులు. జర్మన్లు గ్యాస్ వాడితే బదులివ్వడానికి తెచ్చారు. ఆ సంగతి రేవులో దాదాపు ఎవరికీ తెలియదు. తెలిసినవాళ్ళలో చాలామంది ఓడ మీదే ఉన్నారు. జర్మన్ విమానాలు దాడి చేశాయి, ఓడ పేలింది, వాళ్ళంతా పోయారు. మస్టర్డ్ నీళ్ళమీద తేలుతున్న నూనెలో కలిసిపోయింది. ఆ నూనెలో ఈది ఒడ్డుకు చేరినవాళ్ళను ఆసుపత్రికి తెచ్చారు. నర్సులు ఎంతో ప్రేమగా తడిబట్టల మీదే దుప్పట్లు కప్పి, వేడి టీ ఇచ్చారు. బట్టలు విప్పి, ఒళ్ళు కడిగించి ఉంటే ఎందరో బతికేవాళ్ళు.

మస్టర్డ్ గ్యాస్‌లో ఆవాలేమీ ఉండవు. గంధకంతో చేసిన చిక్కటి ద్రవం. వాసన ఆవపిండిలానో, వెల్లుల్లిలానో ఉంటుందని ఆ పేరు. ఒక చుక్క ముంజేతి మీద పడితే ఏమీ అనిపించదు. తుడుచుకుని పనిలో పడిపోతాం. కొన్ని గంటల తర్వాత అక్కడ ఎర్రబడుతుంది, దురద పెడుతుంది. తెల్లారేసరికి పసుపు నీటితో బొబ్బ లేస్తుంది. చెమట పట్టిన చోట మరీ లోతుగా కాలుస్తుంది. చంకల్లో, గజ్జల్లో, కనురెప్పల కింద.

బారీలో రోగుల కళ్ళు మూసుకుపోయాయి, ఒళ్ళంతా బొబ్బలు. ఇదేమిటో డాక్టర్లకు అంతుపట్టలేదు. అల్జీర్స్ నుంచి స్టీవర్ట్ అలెగ్జాండర్ అనే అమెరికా సైనిక వైద్యుడిని పంపారు. వార్డులో అడుగుపెట్టగానే ఆయన ముక్కుకు వెల్లుల్లి వాసన తగిలింది. అడిగితే అధికారులు అలాంటిదేమీ లేదన్నారు. ఆయన వాళ్ళతో వాదించలేదు. చనిపోయినవాళ్ళు దాడి సమయంలో ఏ ఓడ మీద ఉన్నారో ఒక్కొక్కరినీ రేవు పటం మీద గుర్తు పెట్టాడు. గుర్తులన్నీ జాన్ హార్వీ చుట్టూ మూగాయి. రేవు అడుగు నుంచి పైకి తీసిన బాంబు ముక్క దాన్ని రూఢి చేసింది. మస్టర్డ్ తగిలి ఆసుపత్రిలో చేరిన 600 మందికి పైగా సైనికుల్లో, నావికుల్లో 83 మంది చనిపోయారు. ఊరివాళ్ళ లెక్క ఎవరూ సరిగా కట్టలేదు. ఆయన నివేదికను మిత్రదళాల సేనాని ఐసెన్‌హోవర్ ఒప్పుకున్నాడు. బ్రిటన్ ప్రధాని చర్చిల్ ఒప్పుకోలేదు. బ్రిటిష్ కాగితాల్లో అవి శత్రుదాడిలో కలిగిన కాలిన గాయాలుగానే మిగిలిపోయాయి.

చచ్చిపోయినవాళ్ళ రక్తంలో తెల్లకణాలు దారుణంగా పడిపోయాయని కూడా అలెగ్జాండర్ రాసిపెట్టాడు. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయంలో గుడ్‌మన్, గిల్‌మన్ అనే శాస్త్రవేత్తలు 1942 నుంచే దీనికి చుట్టమైన నైట్రోజన్ మస్టర్డ్‌ను లింఫ్ గ్రంథుల క్యాన్సర్ మీద రహస్యంగా ప్రయత్నిస్తున్నారు. ఈ నివేదిక ఆ దారికి బలమిచ్చింది. ఇవాళ్టి కీమోథెరపీ మొదలు అక్కడే ఉంది. నివేదికను అణచిపెట్టి ఉంటే ఆ 83 ప్రాణాలూ ఎవరికీ ఏమీ నేర్పకుండానే పోయేవి.

ఇటలీ ఎక్కడో ఉంది అనుకోకండి. ఇక్కడ ఆస్ట్రేలియాలో, మన పక్కనే ఉన్న నిరింబా చదువుల ప్రాంగణం అప్పట్లో యుద్ధ విమానాల రన్‌వే. 1945లో బ్రిటిష్ నౌకాదళ విమానాలు అక్కడ దిగేవి, తర్వాత 1994 దాకా ఆస్ట్రేలియా నౌకాదళానిది.  పడమరగా కారు తీస్తే గ్లెన్‌బ్రూక్ వస్తుంది. అక్కడ 1892 నాటి రైలు సొరంగం ఒకటి ఉంది. రైళ్ళు మానేశాక అందులో పుట్టగొడుగులు పెంచారు. యుద్ధంలో వాయుసేన అందులో మస్టర్డ్ దాచింది. యుద్ధం అయ్యాక మళ్ళీ పుట్టగొడుగులే. ఆ సొరంగం మొదట్లో నేనోసారి నిలబడ్డాను. లోపలినుంచి చల్లటి తడిగాలి మొహానికి కొట్టింది. కిందే ఊరు, బడి, ఉతికిన బట్టలు ఆరేసిన పెరళ్ళు. జపాను గ్యాస్ వాడుతుందన్న భయంతో ఆస్ట్రేలియా ఇలాంటి దాదాపు పది లక్షల రసాయన ఆయుధాలు తెప్పించి దాచింది. 1943లో ఇడొమెనియస్ అనే ఓడలో వచ్చిన సరుకు కారి, అదేమిటో తెలియకుండానే దించిన రేవు కూలీల ఒళ్ళు కాలింది.

క్వీన్స్‌లాండ్‌లో ఇన్నిస్‌ఫెయిల్, ప్రోసర్‌పైన్ ఊళ్ళలో సైనికులను గ్యాస్ గదుల్లోకి, గ్యాస్ చల్లిన అడవిలోకి పంపి పరీక్షించారు. ఉష్ణప్రాంతంలో మస్టర్డ్ ఎంత ఎక్కువ కాలుస్తుందో కొలిచారు. వాళ్ళు స్వచ్ఛందంగా వచ్చినవాళ్ళే, కానీ ఏం తగలబోతోందో అందరికీ పూర్తిగా చెప్పలేదు. ఎవరికీ చెప్పబోమని ఒట్టు వేయించుకున్నారు. ముసలివయసులో ఊపిరాడక పెన్షన్ అడిగితే రుజువేదీ అన్నారు. బ్రిడ్జెట్ గుడ్‌విన్ అనే ఆవిడ వాళ్ళ మాటలు రికార్డు చేసి డాక్యుమెంటరీ తీసింది, పుస్తకం రాసింది. జెఫ్ ప్లంకెట్ అనే ఆయన పాత ఫైళ్ళు తిరగేసి, ఆ ఆయుధాలు మోసినవాళ్ళను వెతికి మరో పుస్తకం రాశాడు.

ఇలా కాలినవాళ్ళలో మనవాళ్ళూ ఉన్నారు. 1930ల నుంచి పదేళ్ళకు పైగా రావల్పిండిలో బ్రిటిష్ శాస్త్రవేత్తలు వందలమంది భారతీయ సిపాయిలను నిక్కర్లు, నూలు చొక్కాలతో గ్యాస్ గదుల్లోకి పంపారు. తెల్లతోలుకూ మన తోలుకూ తేడా ఎంతో కొలవడానికి. ఈ సంగతి పత్రికల్లోకి వచ్చింది 2007లో. అప్పటికి వాళ్ళలో చాలామంది పోయే ఉంటారు. వాళ్ళు ఏ ఊరివాళ్ళో, ఇంటికెళ్ళి ఒంటిమీది మచ్చల గురించి భార్యలకు ఏం చెప్పుకున్నారో తలుచుకుంటే నాకు నిద్రపట్టదు.

అందుకే నాన్నా, మాయమైన ఓడ కథంటే నాకు కోపం. అది వింతగా ఉంటుంది, అందులో ఎవరి బొబ్బా మనకు కనపడదు. ఇలాంటివి పది కథలు విన్నాక, నిజంగా కాలిన మనిషి వచ్చి చెప్పినా ‘ఇదీ అలాంటిదేలే’ అంటారు. దాచినవాళ్ళకు అంతకంటే ఏం కావాలి?

మీలో కొందరు ఆసుపత్రుల్లో కేస్‌షీట్లు రాస్తారు, కొందరు ల్యాబుల్లో సీసాల మీద లేబుళ్ళు అంటిస్తారు, కొందరు పెద్ద ఫైళ్ళ కింద సంతకాలు పెడతారు. ఈ మాట తీసేయమని పైనుంచి ఒకరు అంటారు. అప్పుడు మీ చెయ్యి వణుకుతుంది. వణకనివ్వండి, కానీ ఆ మాట తీసేయకండి.

ఇక మీ పేర్లు పిలుస్తారు. ఒక్కొక్కరే రండి. పట్టా చేతికి రాగానే ఓసారి విప్పి చూసుకోండి. ఇంటిపేరులోనో, పుట్టినతేదీలోనో ఒక్క అక్షరం తప్పున్నా, ఆ మెట్ల పక్కన బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళకు చెప్పి దిద్దించుకుని వెళ్ళండి. తొందరేమీ లేదు, మేం ఇక్కడే ఉంటాం.