తపాలా ఓట్ల బల్ల దగ్గర కూర్చునేదెవరు?
(వార్షిక సభలో చేసిన ప్రసంగం)



2014 ఎన్నికల డ్యూటీలో ఉండి నేను తపాలా ఓటు వేసినాను. డిక్లరేషన్ కాగితాన్ని తెలియక ఓటుతోపాటు లోపలి కవరులోనే పెట్టి అంటించినాను. అటువంటి కవరును విప్పకుండానే తోసివేస్తారని తరువాతి శిక్షణలో తెలిసింది. పిల్లలకు పాఠం చెప్పేవాణ్ణి, నా ఓటే చెల్లలేదు!

లెక్కింపు రోజున ముందుగా చేతికి తీసుకునేది ఈ ఓట్లనే. డిక్లరేషన్‌పై ఓటరు సంతకం, అధికారి ధ్రువీకరణ, బ్యాలెట్ నంబరు సరిగా ఉంటేనే లోపలి కవరు విప్పుతారు. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో అధికారి ముద్ర లేని డిక్లరేషన్ల తగాదా సుప్రీంకోర్టు దాకా పోయింది. ముద్ర లేకున్నా సంతకం చాలునన్న మాటే నిలిచింది. 2023లో చేవెళ్లలో గెలుపు 268 ఓట్లతోనే. కాబట్టి నాలుగు కవర్లే కదా అనుకోరాదు.

ఆ బల్ల దగ్గర కూర్చునే ఏజెంటును అభ్యర్థి గాని, ఆయన ఎన్నికల ఏజెంటు గాని ఫారం 18లో నియమించాలి. ప్రభుత్వోద్యోగులం మేము కూర్చోరాదు, చట్టం ఒప్పదు. చదువుకున్న యువకులే ముందుకు రావాలి. పార్టీ ఏదైనా సరే. కవరు మీద చేయి వేయవద్దు, కండ్లతో చూడండి. అనుమానం వస్తే అక్కడే అడగండి. చిటికి కట్టే ఊరు మనది, ఒక్క పోగు తప్పినా తెలుస్తది.