గీత జరిగింది, ఊరు జరగలేదు: రేకపల్లి చెప్పే పాఠం

"చరిత్ర రిపీట్ అవుతుంది" అని స్టేటస్‌లు పెడుతుంటాం కదా. అసలు రిపీట్ అయ్యేది ఏంటి? ఈ రోజు మన పక్కనే ఉన్న రేకపల్లి కథలో చూద్దాం.

ఖమ్మం నుంచి బండి మీద వెళ్తే, భద్రాచలం దాటగానే ఎటపాక. అక్కడి నుంచి ఆంధ్రప్రదేశ్. ఇంకా ముందుకెళ్తే వి.ఆర్.పురం మండలం. రేకపల్లి అక్కడుంది.

1874కి ముందు ఈ ప్రాంతం సెంట్రల్ ప్రావిన్సెస్ కింద ఉండేది. గొడ్డలికి నాలుగు అణాలు కట్టి పోడు కొట్టుకునేవాళ్లు. 1874లో దీన్ని మద్రాసు ప్రెసిడెన్సీలో కలిపారు. జనం ఎక్కడివాళ్లు అక్కడే ఉన్నారు, గీత మాత్రం జరిగింది. పోడు పన్ను దాదాపు మూడింతలైంది. కొన్ని అడవుల్లోకి అసలు రానివ్వలేదు. కింది ఉద్యోగుల వేధింపులు సరేసరి. ఐదేళ్లు తిరిగేసరికి, 1879లో రంప తిరుగుబాటు మొదలైతే, రేకపల్లి కూడా లేచింది.

తిరుగుబాటును అణిచేశారు. మరి పాఠం నేర్చుకున్నారా? 1882లో మద్రాసు అటవీ చట్టం తెచ్చారు. పోడు మీద మళ్లీ ఆంక్షలు. ఆ తర్వాత రోడ్డు పనుల్లో వెట్టిచాకిరీ. 1922లో అల్లూరి సీతారామరాజు వెనక మన్యం నడిచింది ఊరికే కాదు. సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, ఎర్రర్ మెసేజ్ కనిపించకుండా చేసి, బగ్ పోయిందనుకున్నారన్నమాట.

2014లో పోలవరం కోసం గీత మళ్లీ జరిగింది. వి.ఆర్.పురం ఖమ్మం జిల్లా నుంచి ఆంధ్రకి వెళ్లింది. అంటే 1879 మళ్లీ వస్తుందా? ఇక్కడే మనం పొరబడతాం. ఇప్పుడు ఓటుంది, కోర్టుంది, 2006 అటవీ హక్కుల చట్టం ఉంది. 2005 డిసెంబర్ 13కి ముందు నుంచే అడవి భూమి సాగు చేసుకుంటున్న గిరిజన కుటుంబం హక్కు అడగొచ్చు. ఆ పని మొదలయ్యేది గ్రామసభలోనే. 1874లో రేకపల్లికి లేనిది సరిగ్గా ఇదే, తన మాట చెప్పుకునే చోటు.

చరిత్ర చదివితే రేపేం జరుగుతుందో తెలియదు ఫ్రెండ్స్. ఏం అడగాలో తెలుస్తుంది. నిర్ణయం ఎవరిది? కూడు పోయేది ఎవరికి? వాళ్ల మాట వినే చోటుందా? మూడోదానికి "లేదు" అనే జవాబొస్తే, అప్పుడు భయపడాలి.

అందుకే ఈసారి మీ ఊళ్లో గ్రామసభ అంటే, ఫోన్ జేబులో పెట్టి ఒక గంట వెళ్లి కూర్చోండి. అక్కడ ఏం జరిగిందో కామెంట్‌లో రాయండి. ఉంటాను మరి.