కంప్యూటరు మొరాయిస్తే కంగారు పడకండి
(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంటి కంప్యూటరు గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. నేను ఇంజనీరును కాను. ముప్పయ్యొక్క సంవత్సరాలు అకౌంట్సు విభాగంలో పద్దులు సరిచూసి రిటైరైనవాడిని. అయితే పద్దు ట్యాలీ కానప్పుడు తేడా ఎక్కడుందో వెతకడం మనకు కొత్త కాదు గదా! కంప్యూటరు మొరాయించినప్పుడు చేయవలసిందీ అదేనని నా అనుభవం.

నిరుడు ఒక ఉదయం పెన్షను జమ అయిందో లేదో చూద్దామని కూర్చున్నాను. బ్యాంకు వెబ్‌సైటు తెరుచుకోలేదు. 'మీ కనెక్షను సురక్షితం కాదు' అని హెచ్చరిక వచ్చింది. ఏ సైటు తెరిచినా అదే వరస. రిపేరు చేసే అబ్బాయి వచ్చి చూసి, మదర్‌బోర్డు పోయింది, కొత్తది కొనుక్కోవడం మేలన్నాడు. ఆ రాత్రి యథాలాపంగా తెర కింద కుడి మూల చూశాను. తేదీ 2012 జనవరి 1 అని ఉంది!

అసలు సంగతి ఏమిటంటే, మనం ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చినట్టే, బ్యాంకు సైటు కూడా 'నేను ఫలానా' అని ఒక సర్టిఫికెట్ చూపించాలి. దానికి ఫలానా రోజు నుంచి ఫలానా రోజు వరకు అని గడువుంటుంది. నా కంప్యూటరు 2012లో ఉన్నాననుకుని, ఆ సర్టిఫికెట్ గడువు ఇంకా మొదలే కాలేదని తలుపు వేసేసింది. తేదీ సరిచేస్తే సైట్లు తెరుచుకున్నాయి. ఆపి మళ్ళీ వేస్తే తేదీ మళ్ళీ వెనక్కి. కారణం, కరెంటు లేనప్పుడు లోపలి గడియారాన్ని నడిపే రూపాయి బిళ్ళంత బ్యాటరీ అయిపోవడమే. సి.ఆర్. 2032 అని అడిగితే వంద రూపాయల లోపే వచ్చింది. ఒక్కమాట గుర్తుంచుకోండి. తేదీ సరిగ్గా ఉండి కూడా ఆ హెచ్చరిక వస్తే ముందుకు వెళ్ళవద్దు, పాస్‌వర్డు కొట్టవద్దు.

దీని నుంచి నేను నేర్చుకున్నవి మూడు. మొదటిది, నిన్న పనిచేసింది ఇవాళ చేయలేదంటే మధ్యలో ఏం మారిందో ఆలోచించాలి. రెండవది, ఒకసారికి ఒక్క మార్పే చేసి చూడాలి. నాలుగు ఒకేసారి కదిపితే ఏది కుదిర్చిందో, ఏది చెడగొట్టిందో తెలియదు. మూడవది, ఒక నోటుబుక్కు పెట్టుకుని తేదీ వేసి, తెర మీద వచ్చిన మాటలు ఉన్నవున్నట్టు రాసుకోవాలి. సగం రోగం అక్కడే తెలుస్తుంది.

ఇక రోజూ వచ్చే చిక్కులు. అసలు వెలగకపోతే స్విచ్చి, యు.పి.ఎస్., వెనక వైర్లు చూడండి. పెట్టెలో ఫ్యాను తిరుగుతూ తెర మాత్రం నల్లగా ఉంటే మానిటరు వైరు వదులైందేమో నొక్కి చూడండి. వేలిముద్ర యంత్రాన్ని గుర్తించకపోతే అద్దం తుడిచి, వేరే యు.ఎస్.బి. రంధ్రంలో పెట్టండి. నత్తనడక నడుస్తుంటే 'రీస్టార్ట్' నొక్కండి. 'షట్‌డౌన్' వేరు, 'రీస్టార్ట్' వేరు. ఈనాటి విండోసు, త్వరగా తెరుచుకోవాలని, షట్‌డౌన్ చేసినా కొంత సరుకు దాచుకుంటుంది. రీస్టార్ట్ అయితే అంతా కడిగి మొదలుపెడుతుంది. హార్డ్ డిస్కు టకటకమని చప్పుడు చేస్తే మాత్రం ప్రయోగాలు వద్దు. వెంటనే ఆపి తెలిసినవారికి చూపించండి. మనవళ్ళ ఫోటోలు, పెన్షను కాగితాలు వేరేచోట ఇంకో కాపీ ఉండి తీరాలి.

విండోస్ 10 వాడేవారికి ఒక మనవి. దానికి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. కంప్యూటరు ఆగిపోదు గాని, అదనపు ఏర్పాటు చేసుకోకపోతే భద్రతా మరమ్మతులు రావు. బ్యాంకు పనులు చేసేవారు ఈ సంగతి ఇంట్లో మాట్లాడుకోవాలి.

చివరగా, చెప్పడానికి సిగ్గుపడే మాట ఒకటి చెబుతాను. మూడేళ్ళ క్రితం రైలు వేళలు వెతుకుతుంటే తెర నిండా ఎర్రటి హెచ్చరిక వచ్చి సైరను మోగింది. 'వైరస్ చేరింది, కంప్యూటరు ఆపవద్దు, ఈ నంబరుకు ఫోను చేయండి' అని. చేశాను. అవతలి మనిషి మాటకు ముందొక 'సర్', వెనకొక 'సర్' అంటూ ఏదో ప్రోగ్రాము ఎక్కించమన్నాడు. ఎక్కించాను. బ్యాంకు ఖాతా తెరవమన్నాడు. అప్పుడే కాఫీ తెచ్చిన మా ఆవిడ, "మీ చెయ్యి మౌసు మీద లేదు గదా, ఆ బాణం ఎవరు కదుపుతున్నారండీ?" అంది. నేను తేరుకునేలోపే గోడ స్విచ్చి ఆపేసింది. బ్యాంకుకు పరుగెత్తి ఖాతా స్తంభింపజేశాను. డబ్బు దక్కింది. పదిహేను రోజులు నిద్ర మాత్రం పోయింది. ఏడాది దాకా పిల్లలకు చెప్పలేదు. జీవితమంతా ఇతరుల లెక్కలు తనిఖీ చేసినవాడిని నేనే ఇలా పడ్డానని ఎలా చెప్పను?

నిజమైన మైక్రోసాఫ్ట్ హెచ్చరికలో ఫోను నంబరు ఉండదు. అటువంటిది వస్తే ఆల్ట్, ఎఫ్ 4 మీటలు కలిపి నొక్కండి. పోకపోతే పవరు బటను ఆగిపోయేదాకా నొక్కి పట్టండి. మళ్ళీ తెరిచాక పాత పేజీలు తెరవమంటారా అని అడిగితే వద్దనండి. డబ్బు పోతే ఆ క్షణమే 1930కి ఫోను చేయండి. ఎంత త్వరగా చెబితే దారిలో ఆపడానికి అంత వీలు.

మోసపోవడం తప్పు కాదు. సిగ్గుపడి దాచుకుంటేనే దొంగకు గడువు దొరుకుతుంది. ఈ హాలులో నాలాంటివారు ఇంకొకరైనా ఉంటారని నా అనుమానం. టీ విరామంలో నా పక్కన కుర్చీ ఖాళీగానే ఉంటుంది. నోటుబుక్కు కూడా తెచ్చాను.