పిస్తోలు పందెములు – సాధనసామగ్రి, అంగుళినిగ్రహము

(వార్షిక మహాసభయందు యువజనగోష్ఠిలో చేసిన యుపన్యాసము)



అమెరికాయందు స్థిరపడిన మన కులమువారి యీ వార్షిక మహాసభలో, వివాహపరిచయవేదికకును విద్యానిధి చర్చకును నడుమ, పిస్తోలు పందెములను గూర్చి మాటలాడుమని యువజనశాఖవారు మమ్ము కోరిరి. ఈ విషయము విన్నంతనే కొందఱు పెద్దలు ముఖము చిట్లించుట మేము చూచితిమి. అది సహజమే. మన పూర్వులు కత్తి పట్టిరని చెప్పుకొని సంతోషించుట వేఱు. మన యింటి బిడ్డ శనివారము ప్రొద్దుననే పిస్తోలు పెట్టె తీసికొని బయలుదేఱుట వేఱు. అయినను యుక్తవయస్సు వచ్చిన మన యువకులు, యువతులు కొందఱు ఈ క్రీడలో ప్రవేశించియున్నారు. వారిలో మేటియైన మువ్వురకు యువజననిధినుండి ఖరీదైన పిస్తోళ్లు బహూకరింపవలెనను తీర్మానము రేపు సభ ముందునకు రానున్నది. ఆ తీర్మానమునకు ఒక సవరణను ప్రార్థించుటయే మా యుపన్యాసముయొక్క ప్రయోజనము.

ముందుగా ఈ క్రీడ యెట్టిదో మనవి చేసెదము. 1976వ సంవత్సరమున మిస్సోరి రాష్ట్రమందలి కొలంబియా పట్టణమున కొందఱు సమావేశమై అంతర్జాతీయ ప్రాక్టికల్ షూటింగ్ సమాఖ్యను స్థాపించిరి. జెఫ్ కూపర్ గారు దానికి మొదటి యధ్యక్షులు. సూటి, శక్తి, వేగము అను మూడును సమానముగా నుండవలెననుట దాని మూలసూత్రము. నిలుచున్నచోటనే నిలిచి నింపాదిగా గుఱిచూచు పందెము కాదిది. పందెగాడు ఒరలోనుండి పిస్తోలును తీసి, ఒకచోటినుండి మఱియొకచోటికి నడచుచు, పరుగిడుచు అట్టలక్ష్యములను కొట్టవలెను. వచ్చిన పాయింట్లను పట్టిన సెకనులచే భాగించి ఫలము నిర్ణయింతురు.

ఈ భాగహారములోనే క్రీడారహస్యమంతయు నున్నది. కూపర్ గారు కల్పించిన యొక ప్రసిద్ధాభ్యాసమును చూడుడు. 10 గజముల దూరమున మూడు లక్ష్యములుండును. వాటికి వీపుచూపి నిలిచినవాడు సంకేతము వినగానే తిరిగి, ఒక్కొక్కదానిపై రెండేసి గుండ్లు కాల్చి, మ్యాగజీను మార్చి, మరల రెండేసి కాల్చవలెను. మొత్తము 12 గుండ్లు. నడిభాగమున తగిలిన 5 పాయింట్లు. సామాన్యశక్తి గల గుండు దాని వెలుపలి భాగమున తగిలిన 3. లక్ష్యమే తప్పిన 10 పాయింట్లు తీసివేయుదురు. 6 సెకనులలో అన్నియు నడిమికే కొట్టినవానికి 60 పాయింట్లు, ఫలము 10. వేఱొకడు తొందరపడి 5 సెకనులలో ముగించెననుకొందము. ఎనిమిది నడిమికి, మూడు వెలుపలికి తగిలి, ఒకటి తప్పెను. వానికి వచ్చినవి 39 పాయింట్లు, ఫలము 7.8 మాత్రమే. ఒక్క సెకను సంపాదించి పందెమునే పోగొట్టుకొనెను.

ఇక సామగ్రి మాట. సామగ్రి యక్కఱలేదని మేమనము. పందెములలో తరగతులున్నవి. ఎఱ్ఱచుక్క చూపు అద్దము, కుదుపు తగ్గించు తొడుగు మొదలైనవన్నియు అమర్చుకొనువారికి ఓపెన్ తరగతి. దుకాణమునుండి వచ్చినట్టి పిస్తోలుతో, ఇనుపగుఱులతో ఆడువారికి ప్రొడక్షన్ తరగతి. ప్రతివాడును తన తరగతివారితోనే పోటీపడును గనుక, పక్కవాని ఆయుధముచూచి దిగులుపడ బనిలేదు. గుండు శక్తికి కొలత యున్నది: గుండు బరువును గ్రెయినులలోను, వేగమును సెకనుకు అడుగులలోను తీసికొని, రెంటిని గుణించి 1000చే భాగించిన 125కు తగ్గరాదు. 147 గ్రెయినుల గుండు 900 అడుగుల వేగముతో పోయిన 132 వచ్చును. 9 మిల్లీమీటర్ల సామాన్యపు తూటా దీనికి చాలును.

బరువైన పిస్తోలు తక్కువ కుదుపునిచ్చును. 2016లో వచ్చిన సి.జెడ్. షాడో 2 దాదాపు 1330 గ్రాములు తూగును. గ్లాక్ 34 అందులో సగముకంటె కొంచెము హెచ్చు. ఆ బరువే మణికట్టు సన్ననివారికి అలసట తెచ్చును. పిడి చేతికి నిండుగా అమరుచున్నదా, చూపుడువ్రేలు చాచి యీడ్వకయే ట్రిగ్గరు నడిమికి చేరుచున్నదా, యిచ్చిన తూటానెల్ల తడబడక కాల్చుచున్నదా? కొనువాడు చూడదగినవి యీ మూడే. మూడవదాని విలువ మన దేశమువారికి బాగుగ దెలియును. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్సున 10 మీటర్ల గాలిపిస్తోలు పందెము నడుచుచుండగా మను భాకర్ చేతిలోని యాయుధము చెడిపోయి, ఆమె విలువైన నిమిషములను పోగొట్టుకొని, రెండు పాయింట్ల తేడాతో తుదిపోటీకి దూరమయ్యెను. ఆమెయే 2024లో పారిసునగరమున రెండు కంచుపతకములు గెలిచెను.

నమ్మదగిన పనిముట్టు చేతికి వచ్చిన తరువాత మిగిలినదంతయు వ్రేలిపనియే. ఈ మాట మేము పుస్తకమునుండి చెప్పుటలేదు, అవమానపడి నేర్చుకొంటిమి. ఈ క్రీడలో చేరిన కొత్తలో, ఎవరో గెలిచినవారి ఆయుధమును చూచి మేమును అట్టిదే కొంటిమి. దానికి చూపు అద్దము, తేలిక ట్రిగ్గరు పెట్టించితిమి. అయినను గుండ్లు క్రిందికి, ఎడమకు పోవుచుండెను. గుఱి సరిగాలేదని అద్దమును త్రిప్పితిమి. తూటాలు మంచివి కావంటిమి. ఆడలేక మద్దెల ఓడన్నట్లుండెను మా సంగతి.

ఒక ముదుసలి శిక్షకుడు మా మ్యాగజీనును తీసికొని, మాకు తెలియకుండ తూటాల నడుమ రెండు మూడు మందులేని ఉత్తతూటాలు చేర్చి యిచ్చెను. మూడవసారి ట్రిగ్గరు నొక్కితిమి. ప్రేలలేదు, కాని పిస్తోలు మూతి తనంతట దానే నేలవైపు గుటుక్కున వంగెను. రానున్న కుదుపునకు జడిసి మా చేయి ముందుగనే దానిని క్రిందికి త్రోయుచున్నదన్నమాట. చుట్టునున్నవారు నవ్వలేదు, అది మఱింత సిగ్గనిపించెను. తేలిక ట్రిగ్గరు తప్పును కొంత దాచును గాని దిద్దదని ఆనాడు తెలిసికొంటిమి.

ట్రిగ్గరు ప్రయాణమున నాలుగు ఘట్టములున్నవి. మొదట వదులుగా వచ్చును. పిదప గోడవలె అడ్డు తగులును. ఆ అడ్డు విడిపోయినపుడు గుండు వెడలును. తరువాత వ్రేలు ముందుకు రాగా చిన్న చప్పుడుతో మరల పట్టుకొనును. ఈ నాలుగింటను చూపుడువ్రేలొక్కటే కదలవలెను. నేర్వనివానికి చూపుడువ్రేలితోబాటు తక్కిన మూడు వ్రేళ్లును నిమ్మకాయ పిండినట్లు బిగియును. అందుచే కుడిచేతివాని గుండు క్రిందికి, ఎడమకు పోవును. ముందుగుఱికిని వెనుకగుఱికిని నడుమ 16 సెంటీమీటర్లున్న పిస్తోలులో ముందుగుఱి ఒక్క మిల్లీమీటరు ప్రక్కకు జరిగిన 20 మీటర్ల దూరమున గుండు పన్నెండున్నర సెంటీమీటర్లు తప్పును. అమెరికా పందెపు అట్టపై నడిభాగము వెడల్పే సుమారు 15 సెంటీమీటర్లు! కావున ట్రిగ్గరును మెల్లగానే నొక్కవలెనని కాదు. వేగముగా నొక్కినను గుఱి చెదరకుండ నొక్కవలెను. దానికై ఎడమచేతి పట్టు గట్టిగా నుండవలెను. కుడిచేతి చూపుడువ్రేలు స్వేచ్ఛగా నుండవలెను.

ఈ విద్యకు వెలలేదు. మేము తూటాలను వేఱొక గదిలో తాళము వేసి, పిస్తోలు ఖాళీయని రెండుమార్లు చూచుకొని, దానిపై నొక నాణెమును నిలిపి, నాణెము పడకుండ ట్రిగ్గరు నొక్కుట రాత్రిపూట పావుగంటసేపు సాధన చేసితిమి. ఆఱు నెలలకు మేము విజేతలము కాలేదు. డి తరగతినుండి సి తరగతికి వచ్చితిమి. కాని గుండు వెడలినపుడే అది ఎక్కడ తగిలినదో చెప్పగలిగితిమి.

ద్రోణుని పరీక్షయందు అర్జునునకు పక్షికన్ను మాత్రమే కనబడెనని మనమందఱము పిల్లలకు చెప్పుదుము. ఆనాడతడు పట్టిన విల్లు వెల యెంతయో ఏ తల్లియు చెప్పదు.

ఇక మా హృదయమున నున్న మాట. మాతో సాధనకు వచ్చు మన కులపు యువకుడొకడు నిరుటి సంవత్సరము రాక మానివేసెను. తండ్రి టాక్సీ నడుపువాడు. “తోడివారికున్న పిస్తోలు మాకు కొనశక్యముకాదు, ఉట్టిదానితో వచ్చి యేమి లాభమండీ?” యని యతడు మాతో ననెను. మేము బలవంతముమీద తీసికొనిపోయి, మా పాత పిస్తోలునే యిచ్చి, పందెమున నిలువబెట్టితిమి. ఆనాడతడు మాకంటె పైన నిలిచెను. ఆ బిడ్డను మైదానమునుండి తఱిమినది పేదఱికము కాదు. ఆయుధమే విద్యయని మనము కలిగించిన భ్రమ. రేపటి తీర్మానము ఉన్నది ఉన్నట్లు నెగ్గినచో ఆ భ్రమకు మన సంఘమే ముద్ర వేసినట్లగును. ఇప్పటికే కలిగినవారికి మఱియొకటి కలుగును.

కావున పోషకమహాశయులకు మా విన్నపము. ఆ ద్రవ్యముతో సామాన్యమైన, నమ్మదగిన పిస్తోళ్లు రెండు సాధనకై సంఘపరముగా నుంచి, మిగిలినదానిని శిక్షకుని వేతనమునకు, తూటాలకు, లేనివారి ప్రవేశరుసుములకు వినియోగింపుడు. ఆయుధమున్న ప్రతి యింటికి తాళపుపెట్టె నిచ్చుటకు కొంత కేటాయింపుడు. పందెములలో నడచునపుడు, మ్యాగజీను మార్చునపుడు వ్రేలు ట్రిగ్గరు చుట్టు కమ్మిలో నున్నచో ఆ దినమునకు పందెగానిని వెలివేయుదురు. ఎంత మేటియైనను మినహాయింపు లేదు. నొక్కవలసినపుడు నొక్కుట సగము విద్య. నొక్కరానపుడు వ్రేలిని దూరముగ నుంచుట తక్కిన సగము. ఈ రెండవ సగమును మన పిల్లలకు నేర్పినచో, ముఖము చిట్లించిన పెద్దలకును మేము నిర్భయముగా సమాధానము చెప్పగలము.