ఒంపు ఎవరి సొత్తు?



మాస్టారి పేరిట ఏటా జరిగే ఈ ఉపన్యాసానికి నన్ను పిలిచినప్పుడు, ఏదైనా రాజ్యాంగ విషయం ఎంచుకుంటే నిండుగా ఉంటుందని ఒకరిద్దరు సలహా ఇచ్చారు. నేను వినలేదు. పేటెంటు చట్టం చెప్పినన్నాళ్లూ మాస్టారు మాకు నూరిపోసింది ఒక్కటే: ముందు పత్రం చదవండి, పత్రం చివర ఉండే క్లెయిములు చదవండి, ఆ తర్వాతే నోరు విప్పండి. ఆ పాఠం నాకు ఎక్కడ ఎక్కువగా అక్కరకొచ్చిందో ఆ విషయమే ఇవాళ మీ ముందు పెడుతున్నాను. ఎలక్ట్రిక్ గిటార్ బాడీ ఆకారం ఎవరిది? దాన్ని కాపీ కొడితే చట్టం ఏమంటుంది?

పేటెంటుకూ డిజైన్ పేటెంటుకూ ట్రేడ్‌మార్కుకూ తేడా ఏమిటో ఈ సభకు నేను చెప్పక్కర్లేదు. మొదటి రెంటికీ గడువుంటుంది, మూడోదాన్ని పునరుద్ధరించుకుంటూ ఎంతకాలమైనా ఉంచుకోవచ్చు. ఇవాళ్టి తగవంతా ఈ తేడా దగ్గరే ఉంది.

తొలి రోజుల్ని గబగబా దాటేస్తాను. 1937లో జార్జ్ బీచమ్‌కు దక్కిన పేటెంటు, హవాయి గిటార్ల మోజు, యుద్ధానికి ముందటి బోలు గిటార్లు... వీటి మీద మంచి పుస్తకాలున్నాయి, చదువుకోవచ్చు. నాకు కావలసింది అక్కడ ఒక్క అంశమే. వీణకు కుండ లేకపోతే నాదం లేదు. కానీ తీగ కదలికను పికప్ విద్యుత్తుగా మార్చి యాంప్లిఫయరుకు పంపితే ఇక కుండతో పని లేదు. పాలకొల్లు నుంచి వచ్చిన మాండొలిన్ శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద కర్ణాటక సంగీతం వాయించగా విన్నవాళ్లు ఈ సభలో చాలామందే ఉంటారు. చెక్కపలకను ఏ ఆకారంలో కోసినా వాయిద్యం పలుకుతుందంటే ఆ ఆకారం తయారీదారు ఇష్టం. ఇష్టమైనప్పుడు అది అలంకారమా, అవసరమా? చట్టం అడిగే ప్రశ్న ఇదే.

ఇక నేను కొన్నేళ్లుగా కూర్చుని చదివిన కాలానికి వస్తాను. 1950 నుంచి 1960 దాకా.

కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో లియో ఫెండర్ రేడియోలు బాగుచేసే దుకాణం నడిపేవాడు. ఆయనకు గిటార్ వాయించడం రాదు. కానీ వాయించేవాళ్ల ఫిర్యాదులు ఓపిగ్గా వినేవాడు. ఆయన కంపెనీ 1950లో బ్రాడ్‌కాస్టర్ అనే గిటార్‌ను బజార్లోకి తెచ్చింది. గ్రెచ్ కంపెనీ అదే ఉచ్చారణతో డ్రమ్ములు అమ్ముతోంది. పేరు మాది అని వాళ్లు 1951లో అభ్యంతరం చెప్పగానే ఫెండర్ వెనక్కి తగ్గింది. అప్పటికే అచ్చయిన స్టిక్కర్లు పారెయ్యడం ఎందుకని, బ్రాడ్‌కాస్టర్ అన్న మాట వరకూ కత్తిరించి, ఫెండర్ అన్న మిగతా ముక్కనే హెడ్‌స్టాక్ మీద అంటించారు. పేరు లేని ఆ గిటార్లను నోకాస్టర్లని పిలిచి ఇవాళ సేకర్తలు పెద్ద ధర పెట్టి కొంటారు. కొద్దికాలానికి దానికే టెలికాస్టర్ అని పేరు పెట్టారు. ఈ ముచ్చట సరదాకి చెప్పడం లేదు. పేరు విషయంలో అప్పుడే అందరికీ అంత జాగ్రత్త ఉంది. అదే ఏడు బాడీ ఆకారం గురించి ఎవరూ ఎవరికీ ఉత్తరం రాయలేదు.

అయితే లియోకు డిజైన్ పేటెంటు సంగతి తెలియదా? తెలుసు. ప్రెసిషన్ బేస్ ఆకారానికి 1953లో 169,062 నంబరు డిజైన్ పేటెంటు తీసుకున్నాడు. మరుసటి ఏడు స్ట్రాటోకాస్టర్ వచ్చింది. టెలికాస్టర్ పలక అంచులు పక్కటెముకలకు గుచ్చుకుంటున్నాయని వాయిద్యకారులు గోల పెట్టినందుకు, స్ట్రాటోకాస్టర్ వెనక పొట్ట ఆనే చోట చెక్కను లోపలికి చెక్కారు. కుడి మోచెయ్యి ఆనే చోట ముందువైపు అంచును వాలుగా తీశారు. ఎలక్ట్రిక్ గిటార్ అనగానే లోకానికంతటికీ గుర్తొచ్చే బొమ్మ అదే. దాని బాడీకి మాత్రం డిజైన్ పేటెంటు లేదు. దాని ట్రెమలో యంత్రానికి ఉంది: 2,741,146, 1956. తీగల్ని ఒక్కసారిగా వదులు చేసి మళ్లీ శ్రుతికి తెచ్చే ఆ స్ప్రింగుల అమరిక ఎంత ఓపిగ్గా, ఒక్కో ముక్కకూ అంకె వేసి, ఆ పత్రంలో వర్ణించారో చూడాలి!

ఇది లియో నిర్లక్ష్యమని చాలామంది రాశారు. నేను ఒప్పుకోను. పత్రాలన్నీ పక్కపక్కన పెట్టి చదివితే ఆ మనిషి బుద్ధి కనిపిస్తుంది. ఆయన దృష్టిలో కాపాడుకోదగ్గది పనిచేసే తీరు, చూపుకు కనబడే తీరు కాదు. దీనికి సాక్ష్యం 1958లో ఆయన పెట్టిన మరో దరఖాస్తు. జాజ్‌మాస్టర్ అనే గిటార్ బాడీకి 1960లో 2,960,900 నంబరు పేటెంటు వచ్చింది. అది డిజైన్ పేటెంటు కాదు, మామూలు ఆవిష్కరణ పేటెంటు! నడుము రెండువైపులా ఎదురెదురుగా కాకుండా ఒకటి ముందుకీ ఒకటి వెనక్కీ జరిపితే, కూర్చుని వాయించేవాడికి గిటార్ తొడ మీద కుదురుగా నిలుస్తుంది, చెయ్యి హాయిగా ఆడుతుంది. ఇది ఆయన వాదన. అంటే బాడీ ఒంపు అందం కోసం కాదు, ఉపయోగం కోసం అని లియోనే చేతులారా రాసిచ్చాడు. ఆ రాత బరువేమిటో 2001లో తేలింది. గడువు తీరిన పేటెంటులో ఉపయోగమని చెప్పుకున్న భాగాన్ని ట్రేడ్‌మార్కు పేరుతో శాశ్వతంగా అట్టిపెట్టుకోవడం బహు కష్టమని ట్రాఫిక్స్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. అది రోడ్డు మీద పెట్టే హెచ్చరిక బోర్డుల స్ప్రింగుల కేసు. గిటార్‌కూ వర్తిస్తుంది.

కలమజూలోని గిబ్సన్ కంపెనీ దారి వేరు. అధ్యక్షుడు టెడ్ మెకార్టీకి తమ గిటార్లు పాతకాలపువన్న మాట పడలేదు. 1957 జూన్‌లో బాణం మొనలాంటి ఫ్లయింగ్ వీ, మెరుపు గీతలాంటి ఎక్స్‌ప్లోరర్ ఆకారాలకు డిజైన్ పేటెంట్లు అడిగారు, 1958 జనవరిలో వచ్చాయి. అడగవలసిన వేళకు అడిగినవాళ్లు వీళ్లు. జనం మాత్రం కొనలేదు. ఫ్లయింగ్ వీలు 1958లో 81, 1959లో 17 మాత్రమే ఫ్యాక్టరీ నుంచి బయటికి వెళ్లాయి. అప్పటి చట్టంలో డిజైన్ పేటెంటుకు గరిష్ఠ గడువు 14 ఏళ్లు. ఎంత లాగినా 1972 జనవరికి అవి తీరిపోయాయి. ఈ తేదీని కాస్త గుర్తుపెట్టుకోండి, ఇప్పుడు దీనితోనే పని.

ఇక్కడ నా పాత పేచీ ఒకటి విప్పాలి. కార్యదర్శి గారు క్షమించాలి.

1970లలో జపాన్‌లో తయారైన ప్రతి కాపీ గిటార్‌నూ 'లాసూట్ గిటార్' అని ధర పెంచి అమ్ముతుంటారు. అమ్మేవాళ్లను నేనేమీ అనను, అది వాళ్ల వ్యాపారం. చరిత్రకారులు కూడా అదే కథ రాస్తే ఎలా? జపాన్ కంపెనీలు బాడీలు కాపీ కొట్టాయి, అమెరికన్ కంపెనీ దావా వేసి గెలిచింది, కాపీలు ఆగిపోయాయి. కథ ఇంతే, చక్కగా ఉంది. అందులో గెలుపుకు పత్రంలో ఆధారం లేదు.

గిబ్సన్ యజమాని అయిన నార్లిన్ కంపెనీ 1977 జూన్ 28న ఫిలడెల్ఫియా ఫెడరల్ కోర్టులో దావా వేసిన మాట నిజం. ప్రతివాది ఎవరు? ఎల్గర్ అనే కంపెనీ. పెన్సిల్వేనియాలో ఉంటూ, జపాన్‌లోని హోషినో వాళ్ల ఐబానెజ్ గిటార్లను అమెరికాలో అమ్మే సంస్థ. కాపీలు చేసిన మిగతా జపాన్ బ్రాండ్లు, టోకాయ్ గానీ గ్రెకో గానీ, ఆ కేసులో లేవు. అయినా వాటినీ లాసూట్ గిటార్లనే అంటారు. తగవు దేని మీద? హెడ్‌స్టాక్ మీద. దాని పైఅంచు తెరిచిన పుస్తకంలా ఉండే గిబ్సన్ గుర్తు మీద. బాడీ మీద కాదు. తీర్పు ఏమిటి? తీర్పే లేదు. 1978లో ఇరుపక్షాలూ కోర్టు బయట రాజీపడ్డాయి. అన్నిటికన్నా విచిత్రం, దావా పడే వేళకే ఐబానెజ్ తన హెడ్‌స్టాక్ ఆకారం మార్చేసుకుంది.

బాడీ మీద ఎందుకు వెయ్యలేదు? ఐబానెజ్ 1975లో రాకెట్ రోల్ పేరుతో ఫ్లయింగ్ వీనీ, డిస్ట్రాయర్ పేరుతో ఎక్స్‌ప్లోరర్‌నూ దించేసింది. కళ్లు మూసుకున్నవాడు కూడా అవి కాపీలేనని ఒప్పుకుంటాడు. కానీ డిజైన్ పేటెంట్ల గడువు మూడేళ్ల కిందటే తీరింది. ఆ బాడీల మీద ట్రేడ్‌మార్కు రిజిస్ట్రేషన్ అప్పటికింకా లేదు. చేతిలో కాగితం లేనివాడు కోర్టుకు ఏం పట్టుకెళతాడు?

దీనికి ఎదుటిపక్షం ఇచ్చే జవాబు నాకు తెలుసు. కారణం ఏదైతేనేం, ఫలితం ఒకటే కదా, కాపీలు తగ్గాయి కదా అంటారు. తగ్గాయి. అయితే అప్పటికే ఐబానెజ్ ఐస్‌మన్, ఆర్టిస్ట్ లాంటి సొంత ఆకారాలతో ముందుకెళుతోంది. టోకాయ్ లాంటివాళ్లు 1980ల దాకా హాయిగా కాపీలు చేశారు. దావాకు భయపడి ఆగినవాళ్లు ఇలా చేస్తారా? దీన్ని నేను మొండిగా పట్టుకోవడానికి కారణముంది. బాడీ ఆకారం మీద 1978లో ఏ కోర్టూ ఏమీ తేల్చలేదు కాబట్టే, ఆ ప్రశ్న మరో రెండు దశాబ్దాలు అలాగే ఉండిపోయి 2000లో పేలింది. తేలిపోయిందని రాసేవాళ్లకు ఆ తర్వాతి కేసులు ఎందుకొచ్చాయో చెప్పడం చేతకాదు.

కార్యదర్శి గారు వాచీ చూపిస్తున్నారు. మిగతాది పరుగు మీద చెబుతాను. ఫెండర్‌ను సీబీఎస్ 1965లో కొనడం, 1985లో అమ్మెయ్యడం, మధ్యలో 1982లో ఫెండరే జపాన్‌లో కంపెనీ పెట్టడం, గిబ్సన్ 1986లో చేతులు మారడం, ఇవన్నీ వ్యాపార చరిత్ర. గిబ్సన్ కొత్త యాజమాన్యం లెస్ పాల్ అనే తమ గిటార్ బాడీ ఆకారాన్ని 1993లో ట్రేడ్‌మార్కుగా రిజిస్టర్ చేయించింది. ఫ్లయింగ్ వీ, ఎక్స్‌ప్లోరర్ 1997లో అయ్యాయి. గడువు తీరిన డిజైన్లు గడువు లేని గుర్తులుగా తిరిగొచ్చాయన్నమాట.

2000లో పాల్ రీడ్ స్మిత్ కంపెనీ లెస్ పాల్‌ను పోలిన సింగిల్‌కట్ అనే గిటార్ తెస్తే గిబ్సన్ నాష్‌విల్‌లో దావా వేసింది. టెడ్ మెకార్టీనే తన గురువుగా చెప్పుకున్న తయారీదారు మీద మెకార్టీ పాత కంపెనీ వేసిన దావా అది. కింది కోర్టులో గిబ్సన్ గెలిచింది, 2004లో సింగిల్‌కట్ తయారీ ఆగింది. 2005 సెప్టెంబరులో ఆరో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు ఆ తీర్పును కొట్టేసింది. కొట్లో చూసి కొనేవాడు పొరబడడని గిబ్సనే ఒప్పుకుంది. ఇక మిగిలింది, పొగ కమ్మిన బారులో దూరం నుంచి వేదికను చూసేవాడు అది గిబ్సన్ అనుకుంటాడన్న వాదన. దూరం నుంచి చూస్తే ఒక తరహా గిటార్లన్నీ ఒకలాగే ఉంటాయి, దాన్ని పట్టుకుని పోటీని ఆపలేమంది కోర్టు. 2006లో సుప్రీంకోర్టు ఆ అప్పీలు వినడానికి నిరాకరించింది.

ఫెండర్ 2003లో మేలుకుని స్ట్రాటోకాస్టర్, టెలికాస్టర్, ప్రెసిషన్ బేస్ బాడీలను ట్రేడ్‌మార్కులుగా నమోదు చెయ్యమంది. పలువురు తయారీదారులు ఒక్కటై అడ్డుపడ్డారు. 2009 మార్చిలో ట్రేడ్‌మార్క్ బోర్డు ఆ దరఖాస్తులు తోసిపుచ్చింది. స్ట్రాటోకాస్టర్ ఆకారం ఎంత సాధారణమైపోయిందంటే, ఒక నిఘంటువు ఎలక్ట్రిక్ గిటార్ అన్న మాట పక్కన ఆ బొమ్మే వేసిందని బోర్డు రాసింది. యూరప్ జనరల్ కోర్టు 2019లో ఫ్లయింగ్ వీ ఆకారం మీద గుర్తు చెల్లదంది. డీన్ గిటార్ల కంపెనీ మీద గిబ్సన్ అదే ఏడు టెక్సాస్‌లో వేసిన కేసులో 2022లో జ్యూరీ చాలావరకు గిబ్సన్ వైపు మొగ్గినా, ఈఎస్ అనే గిబ్సన్ గిటార్ బాడీ మాత్రం అందరి సొత్తేనంది. ఇతర కంపెనీలు ఆ ఆకారాలను పూర్వం వాడుకున్న సాక్ష్యాన్ని జ్యూరీకి చూపనివ్వలేదన్న కారణంతో 2024లో అప్పీళ్ల కోర్టు మళ్లీ విచారించమంది. పాత వాడుక ఎంత ముఖ్యమో దీంతో అర్థమవుతుంది.

నా తీర్పు ఇది. పేరు తయారీదారుది, హెడ్‌స్టాక్ తయారీదారుది. అర్ధశతాబ్దం అందరూ కోసి, అందరూ అమ్మిన బాడీ మాత్రం అందరిది. మొదట గీసినవాడి ప్రతిభకు ఇది అన్యాయం కాదు. చట్టం అతనికి ఒక గడువిచ్చింది. దాన్ని వాడుకోవడమో వదులుకోవడమో అతని చేతిలోనే ఉండింది.

మన సంగతి రెండు ముక్కల్లో చెప్పి ముగిస్తాను. మన దేశంలో డిజైన్ల చట్టం, 2000 కింద రక్షణ పదేళ్లు, ఆపైన మరో అయిదేళ్లు పొడిగించుకోవచ్చు. దేశంలోగానీ విదేశాల్లోగానీ ముందే బయటపెట్టిన డిజైన్‌కు నమోదు దక్కదు. ఈ హాల్లో వాయిద్యాలు చేసే కుర్రాళ్లు, డిజైన్ చదివే విద్యార్థులు ఉన్నారు. మీ గీత మీకు నచ్చితే ఆ ఫొటో స్నేహితులకు పంపకముందే, ప్రదర్శనలో పెట్టకముందే దరఖాస్తు పెట్టండి. ఆ తర్వాత ఎంతమందికైనా చూపించండి.