పెద్ద ఫొటో, చిన్న బొమ్మ

చీరలమ్మే వెబ్‌సైటు తెరవగానే ఒక్క పేజీలో 40 చీరలు కనిపిస్తాయి. అవేవీ అసలు ఫొటోలు కావు. దుకాణదారు ఫోనులో తీసి అప్‌లోడ్ చేసిన ఫొటోల నుంచి సర్వరు తయారుచేసిన చిన్న బొమ్మలు. వీటినే థంబ్‌నెయిల్స్ అంటారు.

అడ్డంగా 4000, నిలువుగా 3000 పిక్సెళ్లున్న ఫొటో ఫైలుగా మూడు నాలుగు ఎంబీలే ఉండవచ్చు. మెమరీలో విప్పితే మాత్రం దాదాపు 36 ఎంబీలు! అలాంటివి నలభై ఒకేసారి దించుకోవాలంటే మామూలు ఫోను నానా తంటాలు పడుతుంది.

అసలు పనితనమంతా కుదించడంలోనే ఉంది. ఆ ఫొటోను 200, 150 పిక్సెళ్లకు తగ్గిస్తే, కొత్త బొమ్మలోని ఒక్కో పిక్సెల్ పాతవాటిలో 400కు ప్రతినిధి అవుతుంది. ఆ నాలుగువందల్లో ఏదో ఒకదాన్ని ఏరుకుంటే పని చిటికెలో అయిపోతుంది. కానీ సన్నని జరీ గీతలు తెగిపోతాయి, నేతలో లేని అలలు చీర మీద తేలతాయి. అందుకే మంచి ప్రోగ్రాములు చుట్టుపక్కల పిక్సెళ్ల రంగులన్నీ కలిపి సగటు కడతాయి. నేతకారుల శ్రమ కొనేవారి కంటికి సరిగ్గా ఆనాలంటే ఈ లెక్క తప్పకూడదు.

ఇంకో చిక్కుంది. ఫోను నిలువుగా పట్టుకుని తీసినా, చాలా ఫోన్లు ఫొటోను అడ్డంగానే దాచి, తిప్పి చూపించమనే సూచనను ఫొటో ఫైలులోనే ఉండే ఎగ్జిఫ్ సమాచారంలో రాస్తాయి. ప్రోగ్రాము దాన్ని చదవకపోతే చీర పక్కకు ఒరిగిపోతుంది. ఫొటో తీసిన చోటు కూడా అందులోనే నమోదై ఉండవచ్చు. బయటికిచ్చే బొమ్మలోంచి ఆ వివరాన్ని తీసేయాల్సిందే.

ఈ బొమ్మలన్నీ దాచడమూ భారమే. ఫేస్‌బుక్ ఇంజినీర్లు 2010లో ప్రచురించిన పత్రం ప్రకారం, అప్పట్లో ప్రతి ఫొటోకూ నాలుగు సైజులు తయారుచేసి దాచేవారు. అలా 6,500 కోట్ల ఫొటోలు 26,000 కోట్ల బొమ్మలయ్యాయి. అంత భారం వద్దనుకునే సైట్లు, ఎవరైనా మొదటిసారి అడిగినప్పుడే కావలసిన సైజు తయారుచేసి, తర్వాత అడిగేవారికి దాన్నే పంపుతాయి.